హద్దు రాయి, నాలా, బజారు: పల్లె జమీన్ మీద హుకుం ఎవరిది?

హద్దు అనే మాటను తెలుగువాళ్లందరూ తమదే అనుకుంటారు. హద్దు రాయి, హద్దు మీరడం, హద్దుపద్దు లేకపోవడం, అన్నీ మన నోట్లో నానిన మాటలే. అసలు ఇది అరబీ ‘హద్ద్’. దీని బహువచనమే మనకు ఖురాన్ దర్సుల్లో వినిపించే ‘హుదూద్’. ఇది అరబీ నుంచి ఫార్సీకి, ఫార్సీ నుంచి నవాబుల కచేరీకి, కచేరీ నుంచి కరణం కవిలెకట్టలోకి, అక్కడి నుంచి పొలం గట్టు మీదికి వచ్చి కూర్చుంది. ఒక్క హద్దే కాదు. రైతు, జమీన్, జమాబందీ, ఖాతా, ఇనాం, శిస్తు, తహసీల్దారు, తాలూకా, జిల్లా, దస్తావేజు, రసీదు, బాకీ, జప్తు... జమీన్ గురించి తెలుగులో తగాదా పడాలంటే సగం మాటలు మన ఉర్దూ ఫార్సీలవే. ఇప్పటికీ మీ అడంగల్ తీసి చూడండి, పైన ‘ఫసలి’ అని ఉంటుంది. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే వచ్చే లెక్క అది. అక్బర్ బాద్షా జమానాలో పంటల కోసం మొదలైన సాలు. 2024 జూలైలో మొదలైన రెవెన్యూ సంవత్సరం 1434 ఫసలి. కంప్యూటర్లు వచ్చినా ఆ లెక్క పోలేదు.

ఇంత మాటల ముచ్చట ఎందుకంటే, ఈ మధ్య మన ఇలాకాలో ఏ నలుగురు కూర్చున్నా ఒకటే బాత్: ఫలానా చేను ప్లాట్లు వేశారంట, ఫలానా రోడ్డు పక్కన పెట్రోలు బంకు వస్తుందంట, ఫలానా వాళ్లకు ‘నాలా’ అయిందంట. పాములపాడు, ఆత్మకూరు, నందికొట్కూరు నుంచి అటు నంద్యాల, ఆళ్లగడ్డ దాకా ఇదే కథ. సేద్యం చేసే జమీన్‌లో దుకాణం కట్టొద్దనో, కట్టుకోవచ్చనో చెప్పే ఇఖ్తియార్ ఎవరికి ఉంది? ఎప్పటి నుంచి ఉంది? దీనికి ఒక తారీఖ్ ఉంది, చరిత్ర అన్న అర్థంలో. ఆ తారీఖ్ తెలియకుండా దళారీ చెప్పిందే ఖానూన్ అనుకుని సంతకాలు పెట్టేసిన ఖాందాన్లు మనలో తక్కువేం లేవు.

మొదట నవాబుల కాలం చూద్దాం. 1800లో నైజాం ప్రభువు కడప, బళ్లారి వైపు జిల్లాలను కంపెనీకి దత్తం చేసినప్పుడు కర్నూలు మాత్రం పఠాన్ నవాబుల చేతిలోనే నిలిచింది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. కోటలో ఆయుధాలు పోగేశాడన్న ఇల్జాం మీద 1839లో కంపెనీ ఫౌజు వచ్చి, కర్నూలు పక్కనే జొహరాపురం దగ్గర జంగ్ చేసి ఆయన్ని గిరఫ్తార్ చేసింది. తిరుచిరాపల్లికి పంపితే మరుసటి ఏడే అక్కడ ఇంతెఖాల్ అయ్యాడు. అలా మన ఊళ్లు మద్రాసు సర్కారు కిందికి వచ్చాయి. 1858లో కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల, పత్తికొండ తాలూకాలను కలిపి కర్నూలు జిల్లా చేశారు.

ఆ రోజుల్లో ఊరంటే రెండు ముక్కలు. ఒకటి గ్రామ కంఠం, అంటే ఇళ్లు, మసీదు, గుడి, చావడి, బావి ఉన్న చోటు. రెండోది దాని చుట్టూ ఉన్న సేద్యపు భూమి. కంఠంలో ఎవరి ఇల్లు ఎంత అని సర్కారు కొలవలేదు, శిస్తు వేయలేదు. బయట చేనుకు మాత్రం కొలత, రకం, శిస్తు అన్నీ ఉండేవి. బజారు కంఠంలోనే ఉండేది, లేకపోతే కస్బాలో, సంత జరిగే పేటలో ఉండేది. పొలం మధ్యన దుకాణం పెట్టాలన్న ఖయాల్ ఎవరికీ రాలేదు. కొనేవాడు లేని చోట దుకాణం ఎవరు పెడతారు?

మరి బజారు మీద హుకుం లేదా అంటే, ఉంది. కానీ అది ‘ఇక్కడ వద్దు’ అనే హుకుం కాదు, ‘ఎక్కడైనా పెట్టుకో, మహసూల్ కట్టు’ అనే హుకుం. దారిలో పోయే సరుకు మీద, సంత మీద ‘సాయర్’ అనే సుంకం ఉండేది. చేతి పని మీద, దుకాణం మీద ‘మొతర్ఫా’ అనే పన్ను ఉండేది. అరబీ ‘హిర్ఫా’ అంటే హస్తకళ, ‘ముహ్తరిఫ్’ అంటే పనిచేసి బతికేవాడు. నేతగాడి మగ్గం, గానుగ, మంగలి కత్తి, కోమటి దుకాణం దేన్నీ అది వదల్లేదు. కంపెనీ దీన్ని నవాబుల నుంచి, నైజాం నుంచి తీసుకుని అలాగే కొనసాగించింది. లోపలి దారి సుంకాలు 1844లో రద్దయ్యాయి గానీ మొతర్ఫా ఇంకా నిలిచింది. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్, మన తెలుగు పెద్దమనిషి గాజుల లక్ష్మీనరసు శెట్టి సదారత్‌లో, బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన అర్జీలో ఈ మొతర్ఫా జులుం మీద గట్టిగా షికాయత్ చేసింది. 1860ల మొదట్లో గానీ ఆ పీడ వదల్లేదు.

ఇది గుర్తు పెట్టుకోండి. మన ఇలాకాలో పల్లె వ్యాపారాన్ని పాలకులు మొదటి నుంచి చూసింది ఖజానా కళ్లతోనే. జాగా కళ్లతో చూడటం చాలా ఆలస్యంగా వచ్చింది.

జాగా లెక్క మొదట వచ్చింది ‘కంపు వ్యాపారాల’ రూపంలో. అది సూటిగా మనవాళ్లకే తగిలింది. మద్రాసు లోకల్ బోర్డుల చట్టాలు 1884లో ఒకటి, 1920లో ఒకటి వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన పంచాయతీ చట్టాల దాకా ఒక జాబితా నడుస్తూ వచ్చింది: హానికరమైనవి, అసహ్యమైనవి అనే వ్యాపారాలు. లైసెన్సు లేకుండా వాటిని ఊళ్లో పెట్టకూడదు. తోళ్లు నిల్వ చేయడం, పదును పెట్టడం, ఎముకలు పోగేయడం, జంతువులను కోయడం, సున్నపు బట్టీ, ఇటుక బట్టీ ఇలాంటివన్నీ అందులో ఉండేవి. ఇప్పటికీ పంచాయతీ ఆఫీసుల్లో ‘డి అండ్ ఓ లైసెన్సు’ అంటారు చూడండి, దాని ఖాందాన్ అదే. ఖురేషీల కసాయి దుకాణాలు, తోళ్ల వ్యాపారుల గోదాములు ఊరి అంచుకు ఎందుకు పోయాయో, ఎందుకు ఎప్పుడూ ఎవరో ఒకరి దయ మీద నడుస్తాయో ఈ జాబితా చూస్తే సగం అర్థమవుతుంది. మిగతా సగం జాబితాలో రాయనిది. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, ఇళ్ల మధ్యలో తోళ్ల గోదాము ఎవరికీ ఇష్టం ఉండదు, అది నాకూ ఒప్పుదలే. కానీ అదే ఇళ్ల మధ్య పగలూ రాత్రీ దుమ్ము లేపే మిల్లును ‘అభివృద్ధి’ అని, తోళ్ల గోదామును ‘కంపు’ అని పిలవడంలో కొంచెం రాజకీయం కూడా ఉంది.

ఇక మన సొంత ఇలాకాలో జమీన్ మీద అసలు హుకుం చేసింది ఏ చట్టం కాదు. పానీ.

కర్నూలు–కడప కాలువ కథ మీకు మాలూమే. సర్ ఆర్థర్ కాటన్ ఖయాల్ అది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, మన నందికొట్కూరు, నంద్యాల ఇలాకాల గుండా కడప దాకా దాదాపు 300 కిలోమీటర్ల కాలువ. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది. లండన్ షేర్‌హోల్డర్ల పైసా, సర్కారు వడ్డీ గ్యారంటీ. కాలువలో పడవలు నడుస్తాయని, సరుకు రవానా అవుతుందని, గట్టున బజార్లు లేస్తాయని లెక్క వేశారు. పడవల వ్యాపారం నిలవలేదు. నల్లరేగడి రైతు నీళ్లు తీసుకోవడానికీ ముందుకు రాలేదు. మెట్టపైరుకు అలవాటుపడిన రేగడిలో నీళ్లు పెడితే చేను చెడుతుందని భయం, పైగా నీటి తీర్వ. కంపెనీ నష్టాల్లో మునిగి, చివరికి 1882లో సర్కారు కాలువను కొనేసింది. మధ్యలో 1876–78 మహా కరువు. వ్యాపారం ఫెయిలైన ఆ కాలువే తర్వాతి తరాలకు నంద్యాల ఇలాకా బియ్యాన్ని ఇచ్చింది.

కాలువ వచ్చాక జమీన్‌కు కొత్త రకం హద్దు పడింది. ఇంజినీర్లు దాన్ని లోకలైజేషన్ అంటారు. ఏ సర్వే నంబరుకు తడి నీళ్లు, దేనికి ఆరుతడి, దేనికి అసలు నీళ్లే లేవు అన్నది కాగితం మీద ఖరారు. గట్టుకు ఇవతల వరి పండించేవాడు, అవతల జొన్న చల్లేవాడు ఒకే తాత మనవళ్లు కావొచ్చు. జమీన్ వాడకం మీద సర్కారు గీసిన మొదటి పక్కా గీత మన దగ్గర ఇదే అని నా రాయ్. ఇది దుకాణాన్ని ఆపలేదు గానీ, జమీన్ ఖీమత్‌ను ఎక్కడో ఆఫీసులో గీసిన రంగు తేలుస్తుందన్న సంగతి రైతుకు నేర్పింది.

తర్వాత శ్రీశైలం. 1963 జూలైలో నెహ్రూ గారు పునాది రాయి వేశారు. 1981లో నీళ్లు నింపే ముందు ఊళ్లు ఖాళీ చేయించారు. నది రెండు ఒడ్డుల మీద నూరుకు దగ్గరగా గ్రామాలు, దాదాపు లక్ష మంది ఇన్సానులు. మన ఆత్మకూరు, నందికొట్కూరు తాలూకాల ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. మసీదులు, దర్గాలు, గుళ్లు, ఖబ్రస్తాన్లు అన్నీ పానీలో పోయాయి. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడితే జనం చూడటానికి పోతారు. మునిగిన ఖబ్రస్తాన్లకు అలాంటి రోజు లేదు. మునిగిన ఖాందాన్లలో ఒకరికి నౌకరీ ఇస్తామని 1986లో జీవో 98 వచ్చింది. దాని మీద అర్జీలు పెట్టుకుంటూ ముసలివాళ్లయిన పిల్లలు మన ఇలాకాలో ఇంకా ఉన్నారు. ‘జీవో 98 వాళ్లు’ అంటే ఒక కులం పేరులా అయిపోయింది.

పాములపాడు మండలానికి వచ్చిన పేరు కూడా ఆ నీళ్ల వల్లే. పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం నీళ్లు లేచి, దాదాపు 16 కిలోమీటర్లు నడిచి మన బానకచర్ల దగ్గరికి చేరతాయి. అక్కడి క్రాస్ రెగ్యులేటర్ మూడు దార్ల కూడలి. ఒక దారి వెలుగోడు మీదుగా తెలుగుగంగకు, అటు నుంచి మద్రాసు దాహానికి. ఇంకో దారి శ్రీశైలం కుడిగట్టు కాలువకు. నడిమి దారి నిప్పుల వాగు గుండా కేసీ కాలువకు. మద్రాసుకు 15 టీఎంసీలు ఇవ్వాలని మూడు రాష్ట్రాలు 1976లో ఖరారు చేసుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం, 1996లో నీళ్లు పూండి చేరాయి. పోతిరెడ్డిపాడు తూములు మొదట 11,500 క్యూసెక్కులకు. 2005 తర్వాత వాటిని 44,000కు పెంచే పని మొదలైతే రెండు ప్రాంతాల మధ్య జరిగిన తకరారు అందరికీ యాదే. ఈ పనులన్నిటికీ జమీన్ తీసుకున్నది 1894 నాటి భూసేకరణ చట్టం కింద. ‘ప్రజా ప్రయోజనం’ అని ఒక్క మాట రాస్తే చాలు. రైతు అభ్యంతరం చెప్పుకోవచ్చు, కానీ ఆఖరి మాట సర్కారుదే. ఆ చట్టం 2013లో గానీ పోలేదు.

కాబట్టి ఈ ఇలాకా రైతుకు, ‘నీ జమీన్‌లో ఇది చెయ్యొద్దు’ అని సర్కారు చెప్పడం కొత్త కాదు. కొత్త ఏమిటంటే, ఆ మాట ఇప్పుడు దుకాణం గురించి, ప్లాట్ల గురించి వస్తోంది.

ఇక్కడ నాలా ముచ్చట. ఉర్దూలో ‘నాలా’ అంటే మురుగు కాలువ అనీ, ఏడుపు, ఆర్తనాదం అనీ రెండు అర్థాలు. షాయరీలో రెండోదే ఎక్కువ. మన తహసీలు ఆఫీసులో నాలా మాత్రం ఇంగ్లీషు అక్షరాల ముద్ద: నాన్ అగ్రికల్చరల్ లాండ్స్ అసెస్‌మెంట్. 1963లో వచ్చిన ఆ చట్టం సేద్యేతర జమీన్ మీద ఏటా పన్ను వేసింది. నివాసానికి ఒక రేటు, వ్యాపారానికి ఒకటి, పరిశ్రమకు ఇంకొకటి. చూడండి, మళ్లీ మొతర్ఫా బాణీయే. ఎక్కడ పెట్టావు అని కాదు, ఎంత కడతావు అని.

2006లో దాన్ని తీసేసి కొత్త చట్టం తెచ్చారు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చే చట్టం అది. ఏటా పన్ను పోయింది, ఒక్కసారి కట్టే రుసుం వచ్చింది. మొదట భూమి ప్రాథమిక విలువలో 10 శాతం, తర్వాత తగ్గించుకుంటూ వచ్చారు. ముందుగా ఆర్డీవో ఇజాజత్ తీసుకోవాలి. తీసుకోకుండా కడితే రుసుం మీద ఇంకో సగం జుర్మానా. సర్కారు భూములకు, మత, ధార్మిక పనులకు వాడే భూములకు మినహాయింపు ఉంది. ఇంకో మినహాయింపు మన జనంలో చాలామందికి తెలియదు: వంశపారంపర్య వృత్తితో నడిచే కుటీర పరిశ్రమకు, ఒక ఎకరం మించకుండా, రుసుం అక్కర్లేదు. దూదేకుల పని, నేత, ఆళ్లగడ్డ శిల్పుల రాతి పని లాంటివి నడిపే ఖాందాన్లు ఈ మాట ఎత్తి అడగాల్సింది. అడిగినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

చట్టం పేరు ‘మార్పు’. మరి ఏ జమీన్ మారకూడదో ఇందులో ఉందా? పెద్దగా లేదు. కాలువ కింద రెండు పంటలు పండే మాగాణికీ, రాళ్ల గుట్టకూ ఒకే దారి. రుసుం కట్టగలిగితే తలుపు తీస్తుంది, కట్టలేకపోతే మూసుకుంటుంది. హద్దు పేరుతో ఉన్న టోల్‌గేట్ అనుకోండి. ఊరి గ్రామసభను అడగమని కూడా చట్టం చెప్పదు. చేను ఊరిది, నీళ్లు ఊరివి, మాట మాత్రం డివిజన్ ఆఫీసుది.

రెండో వైపు పంచాయతీ నిబంధనలు. 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం పట్టణాల్ని తలచుకుని రాసింది, పల్లె దాని చూపులో లేదు. పల్లె కోసం 2002లో గ్రామ పంచాయతీ లేఅవుట్, బిల్డింగ్ రూల్స్ వచ్చాయి. లేఅవుట్ వేస్తే 10 శాతం ఖాళీ జాగా ఊరికి వదలాలి, రోడ్లు ఇంత వెడల్పు ఉండాలి, టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ సాంకేతిక మంజూరు తేవాలి. రూల్సు బాగున్నాయి. కానీ 2007 చివర్లో ఒకసారి, 2020లో ఒకసారి, రూలు తప్పిన లేఅవుట్లను పైసా కట్టించుకుని రెగ్యులరైజ్ చేసే స్కీములు వచ్చాయి. రూలు పాటించి 10 శాతం వదిలినవాడు బేవకూఫ్ అయ్యాడు. పార్కు జాగా అమ్ముకున్నవాడు రసీదు చేతబట్టుకుని నవ్వుకున్నాడు. ఖాళీ స్థలం తక్కువైన లేఅవుట్‌లో ప్లాటు కొన్న మన పిల్లల తల్లిదండ్రులకు మాత్రం ఆ ఖాళీ జాగా మళ్లీ రాలేదు.

నిజంగా ‘వద్దు’ అని చెప్పిన హుకుం మన తెలుగు నేల మీద ఒకటి ఉంది. దాని కోసం హైదరాబాద్ పోవాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ తుఫానులో వేల మంది కొట్టుకుపోయారు. విశ్వేశ్వరయ్య గారి సలహా మీద నైజాం సర్కారు మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ వాగు మీద హిమాయత్ సాగర్ కట్టించింది. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, షహర్‌కు తాగే పానీ దొరికింది. దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత ఆ చెరువుల పైన కాలనీలు, ఫ్యాక్టరీలు పాకుతుంటే 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. చెరువుల చుట్టూ 10 కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దు. పరీవాహకంలోని 84 గ్రామాల్లో 90 శాతం నేల సేద్యానికి, పచ్చదనానికి ఉండాలి. మొయినాబాద్, శంషాబాద్, చేవెళ్ల వైపు ఊళ్లు. అక్కడ ఒక నూనె ఫ్యాక్టరీకి సర్కారు ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే మాట సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999లో, 2000లో ఇచ్చిన ఫైసలాల్లో కోర్టు మినహాయింపు చెల్లదంది. తాగే నీళ్ల విషయంలో హాని జరగదని ఫ్యాక్టరీయే నిరూపించుకోవాలి, జరుగుతుందని జనం నిరూపించాల్సిన పని లేదంది.

ఇది షహర్ వైపు నుంచి చూస్తే ఇన్సాఫ్. ఆ 84 ఊళ్ల వైపు నుంచి చూడండి. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, గట్టుకు ఇవతల ఉన్నందుకు నీ బిడ్డ షాదీకి అర ఎకరం అమ్మినా గిట్టుబాటు కాదు. షహర్ తాగే నీళ్ల ఖర్చు నీ ఒక్కడి మీద పడింది, నీకు ముఆవజా లేదు. అదే సమయంలో పెద్దోళ్ల ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు ఆ ఊళ్లలోనే లేచాయి. చిన్న రైతుకు గోడ అయిన హుకుం, పెద్దోడికి తెరలాగా పక్కకు జరిగింది. 2022 ఏప్రిల్‌లో సర్కారు జీవో 69తో దాన్ని సడలించింది. 2023 మేలో మంత్రివర్గం ఎత్తేస్తామంది. ఊళ్లలో మిఠాయిలు పంచారు, షహర్‌లో పర్యావరణం వాళ్లు కోర్టు మెట్లు ఎక్కారు. నా రాయ్ అడిగితే, హుకుం తప్పు కాదు. ఖర్చంతా ఒక పక్క వేయడం తప్పు. చెరువు కాపాడినందుకు రైతుకు ఏటా ఇంత అని ఇచ్చి ఉంటే ఆ 84 ఊళ్లే దానికి పహరా కాసేవి.

ఇలాంటి హుకుం ఖానూన్‌గా నిలబడుతుందా అన్న సవాల్ దునియాలో మొదట గట్టిగా లేచింది కూడా ఒక పల్లెలోనే. అమెరికాలో క్లీవ్‌లాండ్ షహర్ పక్కన యూక్లిడ్ అనే ఊరు. ఫ్యాక్టరీలు పాకుతున్నాయని 1922లో ఆ ఊరు తన జమీన్‌ను ముక్కలుగా పంచింది: ఇక్కడ ఇళ్లు, ఇక్కడ దుకాణాలు, ఇక్కడ కార్ఖానాలు. అక్కడ 68 ఎకరాలున్న రియల్ ఎస్టేటు కంపెనీ, తన జమీన్ ఖీమత్ పడిపోయిందని దావా వేసింది. 1926 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆరుగురు జడ్జీలు ఊరి పక్షాన, ముగ్గురు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. ఊరు గెలిచింది. మనకూ వాళ్లకూ ఫర్క్ ఒకటే: అక్కడ గీత గీసింది ఊరి కౌన్సిల్. మన దగ్గర ఊరి తరఫున గీసేవాళ్లంతా ఊరి బయట కూర్చున్నారు. అలాగని ఊరి గీత ఎప్పుడూ మంచిదని కాదు. ఇళ్ల జోన్ పేరుతో అపార్ట్‌మెంట్లను, అంటే కిరాయికి ఉండే గరీబులను బయట ఉంచింది కూడా ఆ యూక్లిడ్ గీతే.

మన ఇళ్లకు ఇంకా దగ్గరగా వచ్చే మాట వక్ఫ్, ఇనాం. మసీదు ఖిద్మత్‌కు, ఖాజీకి, పీర్ల చావిడికి నవాబులు, పాలెగాళ్లు ఇచ్చిన ఇనాంలను 1858 తర్వాత ఇనాం కమిషన్ ఒక్కొక్కటీ తీసి చూసి రిజిస్టర్ రాసింది. ఆ ఇనాం రిజిస్టరే ఇప్పటికీ కోర్టుల్లో మనకున్న గట్టి సుబూత్. 1956లో ఇనాంల రద్దు చట్టం వచ్చినప్పుడు సంస్థ పేరున ఉన్న ఇనాంకు సంస్థ పేరునే పట్టా రావాలి. చాలా చోట్ల ఖిద్మత్ చేసేవాడి పేరున పడింది, వాళ్ల వారసులు అమ్ముకున్నారు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ చేర్చాక వక్ఫ్, దేవాదాయ, సర్కారు భూములు నిషేధ జాబితాలో పడ్డాయి. పైసా పెట్టి కొన్న గరీబు ముస్లిం కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసు కాడ ఇరుక్కున్నాడు.

వాడకం మీద హద్దు ఇక్కడ కూడా ఉంది. 2013 సవరణ తర్వాత వక్ఫ్ చట్టం 56వ సెక్షన్ ఏమంటుందంటే, వ్యాపారం, తాలీమ్, ఆరోగ్యం కోసమైతే వక్ఫ్ జాయిదాద్‌ను సర్కారు ఇజాజత్‌తో 30 ఏళ్ల దాకా లీజుకు ఇవ్వొచ్చు. సేద్యపు జమీన్ అయితే మూడేళ్లకు మించి ఇస్తే ఆ లీజు చెల్లదు. అమ్మకం, తాకట్టు, గిఫ్టు అసలే వద్దు. రోడ్డు పక్కన మసీదు చేను ఉంది, దుకాణాల వరస కడితే మౌజన్ జీతం వెళ్తుంది అని ఏ కమిటీ అనుకున్నా ఈ మూడు, ముప్పై మధ్య ఉన్న ఫర్క్ ముందు తెలుసుకోవాలి. ముతవల్లీ తెల్లకాగితం మీద ‘తొంభై తొమ్మిదేళ్లు’ అని రాసిచ్చిన లీజులు నేను చూశాను. అది కాగితం, లీజు కాదు.

2025లో ఆంధ్రా శాసనసభ ఆ 2006 నాటి నాలా చట్టాన్నే రద్దు చేసింది. ఇక విడిగా మార్పు ఇజాజత్ లేదు, లేఅవుట్‌కో కట్టడానికో మంజూరు తీసుకునేటప్పుడే అభివృద్ధి రుసుం కట్టేస్తారు. వ్యాపారులు ఖుష్, ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గింది. రైతుకు కూడా దళారీ ఖర్చు ఒకటి తగ్గినట్టే. కాలువ కింది మాగాణికి మాత్రం కాగితం మీద ఉన్న ఆ చిన్న ఆపు కూడా పోయింది. రెండూ నిజమే.

ఇక గ్రామ కంఠం. నవాబుల నాటి నుంచి కొలవని ఆ ముక్కను ఇప్పుడు డ్రోన్లు కొలుస్తున్నాయి. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ సర్కారు స్వామిత్వ మొదలుపెట్టింది, అదే డిసెంబరులో ఆంధ్రాలో భూముల రీసర్వే మొదలైంది. ఇల్లు ఇల్లుకూ కొలత, కార్డు. ఆ కార్డు పెట్టి బ్యాంకులో కర్జా తీసుకుని ముందు గదిలో దుకాణం పెట్టుకునే మౌఖా చిన్న ఖాందాన్లకు వస్తుంది. కానీ కంఠంలోనే మసీదు ఆవరణ ఉంది, పీర్ల చావిడి ఉంది, చాలా ఊళ్లలో పాత ఖబ్రస్తాన్ కూడా కంఠాన్ని ఆనుకునే ఉంది. వాటికి ఇంటి యజమాని లేడు గనక కొలిచే రోజు ఎవరూ నిలబడరు. పక్కింటి గోడ ఎక్కడుంటే హద్దు అక్కడే పడుతుంది. మీ ఊళ్లో డ్రోన్ నఖ్షా సచివాలయం గోడకు అంటించినప్పుడు అభ్యంతరాలకు గడువు రాసి ఉంటుంది. జుమా నమాజ్ అయ్యాక నలుగురు పోయి, ఖబ్రస్తాన్ సర్వే నంబరు, ఇనాం రిజిస్టర్ నకలు చేతిలో పెట్టుకుని ఆ నఖ్షాలో మీ నాలుగు మూలలు ఎక్కడ పడ్డాయో చూసి రండి. తేడా ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.